చమురు బావిలో గార – రాతిముక్క చెప్పు సాక్ష్యము

బెంగళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబముల వారికి గార యన నేమో విడమరచి చెప్పవలసిన పని లేదు. కావేరి నీరు చాలక గొట్టపుబావులపై నాధారపడిన పేటలలో, నీళ్లు కాచు పాత్రల యడుగున తెల్లని పొర పేరుకొనును. కొళాయి జల్లుల రంధ్రములు పూడిపోవును. విద్యుత్తుతో నీళ్లు కాచు గీజరులోని కడ్డీకి సున్నపు తొడుగు పట్టి, కొంతకాలమునకు కడ్డీయే చెడిపోవును. రాళ్ల నడుమ చిరకాలము నిలిచిన నీరు సున్నపు లవణములను కరిగించుకొని పైకి వచ్చి, వేడి తగులగనే వానిని విడిచిపెట్టుటయే దీనికి కారణము.

ఇట్టి గారయే మన గోదావరి సీమలో వేల మీటర్ల లోతునకు దిగిన చమురు బావులను, వాయు బావులను సైతము పీడింపగలదు. ఇంటి పాత్రనైనచో చింతపండుతో తోమి శుభ్రపరచుకొందుము. అంత లోతున నున్న గొట్టమును తోముట కెవరు దిగగలరు? గార పుట్టకముందే దానిని నిలుపు మందును భూగర్భమున దాచియుంచుట యెట్లు? ఆ మందు ఎంత వేయవలయునో, ఎన్నాళ్లు నిలుచునో ముందుగా తెలిసికొనుట యెట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము గుప్పిటిలో ఇమిడిపోవు ఒక రాతిముక్కలో నున్నది. ఆ రాతిముక్కను ప్రశ్నించు విద్య ఎట్లు పెరిగినదో, అది మన సీమ కేల కావలయునో చెప్పుటయే ఇచట మా యుద్దేశము.

ఆవిరి యంత్రముల కాలము

గారతో మానవుని పోరాటము చమురు బావులతో నారంభమైనది కాదు. 1864లో జోలార్‌పేట వైపు నుండి బెంగళూరు దండునకు రైలు వచ్చినది. నాటి నుండి ఈ పీఠభూమిపై నడచిన ఆవిరి యంత్రముల కన్నిటికిని బాయిలరు గార తప్పని శత్రువయ్యెను. గార పొర వేడిని నీటిలోనికి పోనీయదు. అందుచే బొగ్గు ఖర్చు హెచ్చును. పొర దళసరి యైనకొలది బాయిలరు లోహము మితిమీరి వేడెక్కి పగులు ప్రమాదము కలదు. కనుకనే బాయిలరును చల్లార్చి కడుగుట రైలు షెడ్లలో తప్పనిసరి పనిగా నుండెడిది.

ఈ బాధకు పండితులు ఒక మార్గమును, పనివారు మరియొక మార్గమును వెదకిరి. 1841లో స్కాట్లండు రసాయనవేత్త థామస్ క్లార్కు, గట్టి నీటిలో తగినంత సున్నము కలిపి, కరిగియున్న లవణమును ముందుగనే అడుగునకు దింపు పద్ధతికి పేటెంటు పొందెను. పనివారైతే బాయిలరులో బంగాళాదుంపలు వేసిరి. వగరు గల చెట్టు బెరళ్ల కషాయము పోసిరి. వినుటకు నవ్వు వచ్చును గాని యందు సత్యము లేకపోలేదు. దుంపలోని పిండి, బెరడులోని వగరు గార రేణువులను గట్టిపడి అంటుకొననీయక మెత్తని బురదగా ఉంచును. ఉన్న లవణమును తీసివేయుట క్లార్కు మార్గము. దానిని ఉండనిచ్చి గట్టిపడకుండ చేయుట పనివారి మార్గము. కాలక్రమమున చమురు బావులకు అక్కరకు వచ్చినది ఈ రెండవదియే.

దానికి శాస్త్రపు రూపము 1930లలో అమెరికాలో వచ్చెను. అచటి రైతులు సేద్యపు నీటిలో అమోనియాను ఎరువుగా కలిపినపుడు, సున్నము విడివడి కాలువలను, గొట్టములను పూడ్చుచుండెను. లుడ్విగ్ రోసెన్‌స్టైన్ అను రసాయనవేత్త ఆ నీటికి మెటాఫాస్ఫేటును పదిలక్షల భాగములకు కొద్ది భాగములు మాత్రమే కలిపినచో సున్నము విడివడకుండ నిలుచునని చూపి, 1936లో పేటెంటు పొందెను. నీటిలోని సున్నము నంతను కట్టివేయవలెనన్న ఎంతో మందు కావలయును. ఇది అందులో అత్యల్పభాగము. మందు సున్నముతో లెక్కకు లెక్క పోరాడుట లేదు. అప్పుడే పుట్టుచున్న స్ఫటికము ఎచట పెరుగ జూచునో అచట పట్టుకొని పెరుగనీయదు, అంతే. గార నిరోధకములను పేర నేడు వాడుకలో నున్న ఫాస్ఫోనేటులకును, తదితర ద్రవ్యములకును ఇదియే మూలసూత్రము.

బావిలో గార పుట్టు విధము

చమురు బావినుండి చమురొక్కటియే వచ్చునని మనలో పలువురు తలంతురు. చమురు, వాయువు, నీరు రాతి రంధ్రములలో చేరువగ నుండును. బావికి వయసు వచ్చినకొలది సామాన్యముగా నీటిపాలు హెచ్చును. ఆ నీరు చిరకాలము రాతితో కాపురము చేసినది. కాల్షియము, స్ట్రాన్షియము, బేరియము మొదలగు లోహముల లవణములు దానిలో కరిగియుండును.

గార ముఖ్యముగా రెండు విధముల పుట్టును. మొదటిది ఒత్తిడి తగ్గుటచేత. గోలీసోడాలో గోలీని నొక్కగనే వాయువు బుస్సున పైకి వచ్చుట అందరెరిగినదే. అట్లే లోతున గొప్ప ఒత్తిడిలో నున్న నీరు బావిలో పైకెక్కునపుడు దానిలోని బొగ్గుపులుసు వాయువు విడిపోవును. ఆ వాయువు అండతో కరిగియున్న సున్నము గొట్టపు గోడపై గట్టిపడును. దీనిని ఆమ్లముతో కరిగింపవచ్చును.

రెండవది పొసగని నీళ్లు రెండు కలియుటచేత. చమురు తీసినకొలది రాతిలోని ఒత్తిడి తగ్గును; దానిని నిలుపుటకు వేరు బావుల ద్వారా నీటిని లోనికి చొప్పింతురు. సముద్రముపై నున్న క్షేత్రములలో చేరువ నుండునది సముద్రజలమే. అందులో లీటరునకు సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేటు కలదు. లోపలి నీటిలో బేరియ మున్నచో, రెండును కలియగనే బేరియము సల్ఫేటు ఏర్పడును. లీటరు మంచినీటిలో రెండు మూడు మిల్లీగ్రాములకు మించి కరుగని పదార్థ మది. మామూలు ఆమ్లములకు లొంగదు. ఉత్తర సముద్రమునందలి మిల్లర్ క్షేత్రమున ఒక బావి ఉత్పత్తి దినమునకు 30,000 పీపాల నుండి 24 గంటలలో సున్నకు పడిపోయినట్లు ఆ రంగమువారు వ్రాసియున్నారు. పుట్టిన పిమ్మట తొలగించుటకంటె పుట్టకుండ చూచుటయే మేలని ఇట్టి యనుభవములు నేర్పినవి.

రాతిలో మందు దాచుట

అయితే మందును అందించు టెట్లు? గార పుట్టు చోటు బావి అడుగున, నీరు రాతినుండి వెలువడు ముఖమున నున్నది. పైనుండి పోసిన మందు, ఒత్తిడితో ఎదురు వచ్చు ప్రవాహమును దాటి రాతిలోనికి పోజాలదు. ఇందులకు 20వ శతాబ్దపు మధ్యకాలము నుండి స్క్వీజు అను చికిత్స ప్రచారమునకు వచ్చెను. బావి ఉత్పత్తిని నిలిపి, నిరోధక ద్రావణమును బావి గుండ రాతిలోనికి నెట్టుదురు. దాని వెనుక మరికొంత ద్రవమును పంపి, మందును బావి చుట్టును కొన్ని మీటర్ల మేర వ్యాపింపజేయుదురు. తరువాత సుమారు 12 నుండి 24 గంటలు బావిని మూసియుంతురు. ఆ వ్యవధిలో మందు రాతి రంధ్రముల గోడలకు అంటుకొనును. బావిని తెరచినపుడు వెలువడు నీటిలోనికి అది కొద్దికొద్దిగా విడివడుచు గారను నిరోధించును. నీటిలో మందుపాలు ఒక కనీసపు మట్టమునకు తగ్గగనే మరల చికిత్స చేయవలయును. ఒక చికిత్స కొన్ని నెలలు, ఒక్కొకచో ఏడాదికి పైగా నిలుచును. అనుకూలింపని రాతిలో కొద్ది వారములకే తీరిపోవును.

ఇందు రాయి మందును దాచు బొక్కసము. ఆ బొక్కసము ఎంత పుచ్చుకొనును, ఎంత వేగముగ తిరిగి యిచ్చును, ఎంత తనలోనే శాశ్వతముగ ఉంచుకొనును అనునవియే చికిత్స కంతకు ఆధారము. ఘనపదార్థముల ముఖమునకు అణువులు అంటుకొనుటను గూర్చి 1918లో ఒక సమీకరణమును ప్రకటించిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1932లో నోబెల్ బహుమానము పొందెను. కాని సమీకరణము చట్రము మాత్రమే. అందులో పూరింపవలసిన అంకెలు రాతిని బట్టి, నీటిలోని ఉప్పును బట్టి, వేడిని బట్టి మారును. ఆ అంకెలను చెప్పగలిగినది ఆ రాయి యొక్కటియే.

కోరు పరీక్ష

బోలుగా నున్న వజ్రపుపళ్ల బరమాతో రాతిని తొలిచి, నడుమ మిగిలిన స్తంభము వంటి ముక్కను పైకి తీయుదురు. దీనిని కోరు అందురు. బెంగళూరు తెలుగువారికి ఇది వింత కాదు. మన పొరుగున నున్న కోలారు బంగారు గనులలో, మన చిత్తూరు సీమనుండి పోయిన వారును చెమటోడ్చిన చోటనే, వజ్రపు బరమాలతో కోరులు తీసి బంగారపు ఈనె జాడను వెదకుచుండిరి. ఆ గనులు 3,000 మీటర్లకు మించిన లోతునకు పోగా, శిలలు పేలి ప్రాణములు తీయసాగెను. అట్టి చోట 1988లో జాతీయ శిలా యాంత్రికశాస్త్ర సంస్థ వెలసెను. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడినను సంస్థ నిలిచినది. ఇప్పుడు దాని ప్రధాన స్థానము బెంగళూరే. గని శాస్త్రజ్ఞులు రాతిని పరీక్షించునది అది భారమును మోయగలదా యని. చమురు రసాయనవేత్తలు పరీక్షించునది అది మందును మోయగలదా యని. ముక్కను అడిగి కొండను తెలిసికొను న్యాయము రెంటికిని ఒక్కటే.

రాతి గుండ నీరు పారు లెక్కకు మూలపురుషుడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ దార్సీ. ఆయన దిజాన్ నగరపు నీటి సరఫరాకై ఇసుక గుండ నీటిని పారించి పరీక్షలు చేసి, 1856లో ఫలితములను ప్రకటించెను. రాయి ద్రవమును తన గుండ పోనిచ్చు శక్తికి నేటికిని ఆయన పేరే కొలమానము.

పరీక్ష జరుగు తీరు ఇది. కోరు నుండి సుమారు ఒకటిన్నర అంగుళముల అడ్డుకొలత, మూడంగుళముల పొడవు గల చిన్న ముక్కను కోసి శుభ్రపరుతురు. దానిని రబ్బరు తొడుగులో ఉంచి, ఉక్కు గొట్టములో బిగించి, చుట్టును ఒత్తిడి కల్పించి, భూగర్భమునందలి వేడికి తెత్తురు. బావి నీటిలో నున్న లవణములనే కలిపి చేసిన ఉప్పునీటిని దాని గుండ పారించి, ఎంత సులువుగ పారుచున్నదో కొలుతురు. పిమ్మట చమురును, మరల నీటిని పంపి, లోపల మిగులు చమురుతో సహా రాతిని బావి స్థితికి తెత్తురు. అప్పుడు నిరోధకమును ఎక్కించి, కొన్ని గంటలు కదలక ఉంచి, నీటి దిశను త్రిప్పి మరల పారింతురు. రెండవ కొసనుండి వెలువడు నీటిని చిన్న చిన్న సీసాలలో వరుసగ పట్టి, ఒక్కొక్క సీసాలో మందు ఎంత కలదో కొలుతురు. ఈ వరుస దినముల తరబడి సాగును.

ఇదంతయు జమాఖర్చుల చిట్టా వంటిది. రాతికి జమకట్టినది ఇంత, తిరిగి వచ్చినది ఇంత, నిలువ ఇంత. లెక్క సరిపోనిచో పరీక్షలో ఎచటనో లోపమున్నదని తెలియును. చివర నీరు పారు సులువును మరల కొలుతురు. ఇదియే అన్నిటికంటె ముఖ్యమని మా కభిప్రాయము. మొదట ఉన్నంత సులువుగ పారనిచో, మందే రాతిని మూసినదన్న మాట. రోగమునకంటె మందే ప్రమాదమని రాతిముక్కపై తెలిసినచో ముక్కతో పోవును. బావిలో తెలిసినచో బావియే పోవచ్చును.

ఈ సాక్ష్యమునకును హద్దులు కలవు. మూడంగుళముల ముక్క అనేక పొరల రాతి కంతకు ప్రతినిధి కాజాలదు. ఎండిన కోరులో బంకమన్ను పూర్వపు స్థితిలో నుండకపోవచ్చును. అసలు కోరు దొరకనిచో అమెరికాలోని ఓహైయో ప్రాంతపు బెరియా ఇసుకరాయి వంటి వానిపై పరీక్షించుట కలదు. కాని అది ఇరుగుపొరుగు వారి సాక్ష్యమే గాని ఇంటివారి సాక్ష్యము కాదు. మరియు ముక్కలో నీరు సూటిగ పారును. బావి చుట్టును నలుదిక్కులనుండి కేంద్రమునకు చేరును. కనుక ముక్కనుండి పొందిన అంకెలను గణకయంత్రముల సాయమున బావి ఆకారమునకు మార్చి, ఎన్ని పీపాల మందు, దాని వెనుక ఎంత నీరు, ఎంతకాలపు రక్షణ అను నంచనాలు కట్టుదురు. మొదటి చికిత్స పిమ్మట బావినుండి వచ్చు నీటిని పరీక్షించి, ఆ యంచనాలను దిద్దుకొందురు. ముక్క సాక్షి మాత్రమే, తుదితీర్పు బావిదే.

మన ఊళ్ల పేర్లు గల రాళ్లు

1956లో చమురు, సహజవాయు కమిషను ఏర్పడిన పిమ్మట దేశమంతట అన్వేషణ విస్తరించెను. 1978లో నర్సాపురపు బావితో కృష్ణా గోదావరి సీమ గర్భమున వాయువున్నదని తేలెను. 1987లో సముద్రమున రవ్వ క్షేత్రము కనుగొనబడెను. అచటి చమురు సూరసాని యానాము తీరమునకు చేరును. రవ్వలో ఒత్తిడి నిలుపుటకు సముద్రజలమును చొప్పించుట జరిగినది. 2002లో లోతు సముద్రమున పెద్ద వాయు నిక్షేపము దొరకెను. 2024 జనవరిలో కాకినాడకు ఎదుట లోతు సముద్రపు మరియొక క్షేత్రమునుండి చమురు మొదలయ్యెను. కోరులను, నిక్షేపములను అధ్యయనము చేయుటకు అహమ్మదాబాదులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిజర్వాయర్ స్టడీస్, ఉత్పత్తి సమస్యలకై పన్వేలులో మరియొక సంస్థ ప్రభుత్వరంగముననే యున్నవి.

ఈ సీమ శిలల పేర్లు విన్న తెలుగువాని మనస్సు పొంగక మానదు. భూగర్భశాస్త్రజ్ఞులు పొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టిరి. మండపేట ఇసుకరాయి, గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురపు షేలు, తిరుపతి ఇసుకరాయి, రాజోలు అగ్నిశిలలు, పాలకొల్లు షేలు, పాశర్లపూడి పొరలు, భీమనపల్లి సున్నపురాయి, వడపర్రు షేలు, మత్స్యపురి ఇసుకరాయి. మన అమ్మమ్మల, మేనమామల ఊళ్లు ఈ విధముగ ప్రపంచ శాస్త్రగ్రంథముల కెక్కినవి.

ఈ పట్టిక ఒక పాఠమును కూడ చెప్పుచున్నది. ఇసుకరాయి, సున్నపురాయి, అగ్నిశిల ఒకే స్వభావము గలవి కావు. ఇసుకరాతిలో మందు రేణువులపైనను, నడుమనున్న బంకమన్నుపైనను అంటుకొనును. ఆ మన్ను ఉప్పు తగ్గిన నీరు తగిలినచో ఉబ్బి దారి మూయవచ్చును. సున్నపురాయి ఫాస్ఫోనేటుతో తానే కలియబడి, కాల్షియము లవణముగ దానిని పట్టియుంచును. అది మేలుగను పరిణమింపవచ్చును, రంధ్రములు పూడ్చు కీడుగను పరిణమింపవచ్చును. మండపేట ఇసుకరాయి వంటి బిగువైన రాతిలో రంధ్రములు కొంచెమే. అట్టి చోట చిన్న పొరపాటే పెద్ద నష్టము. వేరొక దేశమున పనిచేసిన మోతాదును పుస్తకము చూచి ఇచట పోయరాదని మా యభిప్రాయము. ఒక ఊరి వైద్యుడు మరియొక ఊరి రోగి నాడి చూడకయే మందిచ్చినట్లగును.

ఇందు పణముగా నున్నది

చమురు సంస్థ లాభనష్టములతో బెంగళూరున నున్న మన కేమి పని యని కొందరు అడుగవచ్చును. బావులున్నది ఎడారిలో కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట అన్నపూర్ణ యని పేరొందిన నేలలో, కొబ్బరితోటల నడుమ, ఇండ్ల చేరువ నున్నవి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో త్రవ్వుచున్న బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండినది. 2014 జూన్ 27న నగరము గ్రామమున వాయుగొట్టము పేలి 20 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. ఈ రెంటికిని గార కారణము కాదు. అయినను ఆ సీమవారికి ప్రతి క్రొత్త బావియు క్రొత్త భయమే. గారచే ఒక బావి ముందుగ మూతపడినచో, దాని స్థానమున మరియొకటి త్రవ్వుదురు. మరికొంత పొలము, మరియొక బాట, మరికొన్ని రాత్రుల యంత్రఘోష. ఉన్న బావిని దాని నిండు ఆయువు వరకు నడుపుట ఆ మేరకు నేలను కాపాడుటయే.

నీటి సంగతి కూడ కలదు. రాతిలో వేసిన మందులో కొంత బావినీటితో పైకి వచ్చును. ఫాస్ఫోనేటులు ప్రకృతిలో త్వరగా విరిగిపోవు. అందుచేతనే ఉత్తర సముద్రతీర దేశములు సులభముగ జీర్ణించు మందులకై పట్టుబట్టుచున్నవి. కోరు పరీక్షచే మోతాదు సరిగ తెలిసినచో అనవసరపు మందు వేయనక్కరలేదు. కాలువ నీరు త్రాగి, కాలువ నీటితో పండించు సీమకు ఇది చిన్న మాట కాదు.

మన బిడ్డలలో రసాయనము, భూగర్భశాస్త్రము, ఇంజనీరింగు చదువువారు ఈ నగరమున లేకపోలేదు. వారిలో కొందరైనను ఈ రాళ్ల భాష నేర్చినచో మాతృసీమకు ఋణము తీర్చినవారగుదురు. తక్కిన మనము చేయదగినది కూడ కలదు. కోనసీమలో మనకింకను పొలములున్నవి, బంధువులున్నారు. క్రొత్త బావులకై ప్రజాభిప్రాయ సభలు జరుగునపుడు నష్టపరిహారము ఎంత యని మాత్రమే అడిగి ఊరకుండరాదు. ఈ బావిలో ఏ నీరు వచ్చును, ఏ మందు వేయుదురు, ఆ మందును మా యూరి రాతిపై పరీక్షించితిరా, ఫలితమును మాకు చూపుదురా యని అడుగవలయును. తన పాదముల క్రింది రాతిని గూర్చి అడుగుటకు ఆ యూరివానికంటె హక్కు గలవారు మరెవరును లేరు.